పికప్ అంటే డీజిలేనా? మా షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

పొద్దున షట్టరు ఎత్తేసరికే ఎవరో ఒకరు నిలబడుంటారు. "అన్నా, పికప్ తీసుకుందామనుకుంటుండా, డీజిలే కదన్నా?" అంటారు. ప్రశ్న లాగే ఉంటది గానీ అది ప్రశ్న కాదు, నా చేత అవును అనిపించుకోని అట్నే షోరూంకి పోదామని వచ్చుంటాడు. నెల్లూరులో ఇరవై రెండేళ్ళుగా చిన్న లోడు బండ్లు బాగు చేస్తుండా, ఈ ఒక్క మాట నమ్మి డబ్బులు పోగొట్టుకున్నోళ్ళని చూసినంతగా ఇంకే రిపేరులోనూ చూళ్ళేదు.

అపోహ: లోడు బండి అంటే డీజిలే, డీజిలైతేనే నాలుగు రూపాయలు మిగిలేది.

ఇది పాత బండ్ల కాలం నాటి మాట. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాంట్లో ఉండింది రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిను, టర్బో (ఇంజినులోకి గాలిని గట్టిగా తోసే చక్రం) కూడా లేదు. దాన్ని ఎంత మొరటుగా వాడినా సాగేది, గుంతలో పడ్డా, ఆయిలు లేటుగా మార్చినా, రోజుకి పదిసార్లు ఆపి స్టార్ట్ చేసినా కిమ్మనేది కాదు. ఆ అలవాటు మనకి రక్తంలోకి ఎక్కింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే పొగ రూలు వచ్చాక డీజిల్ బండి వేరే బండి అయిపోయింది, ఈ సంగతే మనోళ్ళు తలకెక్కించుకోరు. సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంది. అది మసిని పట్టి ఉంచుద్ది, పట్టిన మసిని ఎప్పటికప్పుడు కాల్చుకోవాల, దానికి లోపల దగ్గర దగ్గర 600 డిగ్రీల వేడి కావాల. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాలు ఒక ఊపు మీద పోవాల. ట్రంకు రోడ్డులో సిమెంటు షాపు నుంచి సందులోకి, సందులోంచి మళ్ళీ షాపుకి తిరిగే బండికి ఆ వేడి యాడి నుంచి వస్తది?

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న ఒకాయన కథ చెప్తా. ఇంటి నుంచి గుంటలకి ఆరు కిలోమీటర్లు, మేత బస్తాలు, ఐసు పెట్టెలు, అంతే పని. దిగి మాట్లాడేటప్పుడు ఇంజిను ఆపడు, అరగంటైనా ఐడిలింగ్‌లోనే. డ్యాష్ మీద డీపీఎఫ్ లైటు వెలిగింది, రెండు నెలలు పట్టించుకోలా. తర్వాత బండి లాగడం లేదని తెచ్చాడు. నేను ఆయిలు కొలిచే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు పై గీత దాటి వేలెడు పైన ఉంది, వాసన చూస్తే డీజిలు కంపు. ఆయన మొహం మాత్రం వెలిగిపోతుండాది, "చూశావా, ఒక్క చుక్క తగ్గలా, ఇంకా పెరిగిందబ్బా" అని. ఏం చెప్పమంటారు ఆయనకి! మసి కాల్చుకుందామని కంప్యూటరు అదనంగా డీజిలు కొట్టుద్ది, ఈయన అది అయ్యేలోపే ఇల్లు చేరి కీ ఆపేస్తాడు, కాలకుండా మిగిలిన డీజిలు రింగుల పక్కనుంచి కిందికి దిగి ఆయిల్లో కలుస్తది. ఆయిలు నీళ్ళయింది. టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువు, దానికి ఆ పల్చటి ఆయిలు ఏం సరిపోద్ది? చేతితో పట్టుకోని ఊపితే షాఫ్టు లడలడ లాడింది. డీపీఎఫ్ విప్పి శుభ్రం చేయించి, టర్బో మార్పించి, ఆయిలు ఫిల్టర్లు అన్నీ కలిపి బిల్లు చేతిలో పెడితే పాపం స్టూలు మీద కూలబడ్డాడు. తిట్టాలనిపించలా. అమ్మేటప్పుడు ఈ మాట ఒక్కరూ చెప్పలేదంట, మైలేజీ మాత్రం మూడుసార్లు చెప్పారంట.

ఇంకొందరు మహానుభావులు ఉండారు, డీపీఎఫ్ పీకేసి ఉత్త పైపు పెడితే సరిపోద్దని వీడియోలు చూపిస్తారు. అది చట్టానికి విరుద్ధం, సెన్సార్లు కుదరక బండి పవర్ తగ్గించుకుంటది, రేపు ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ పరీక్ష) కాడ దొరికిపోతారు. నా షెడ్డులో ఆ పని చెయ్యను, అడగొద్దు.

సరే, మరి లెక్క ఎట్ట చూసుకోవాల? ఉదాహరణకి పెట్రోలు బండి లీటరుకి 15, డీజిలు బండి 20 ఇస్తాయనుకోండి, పెట్రోలు 110, డీజిలు 98 రూపాయలు అనుకోండి. రోజుకి 25 కిలోమీటర్లు, నెలకి 26 రోజులు తిరిగితే డీజిల్లో మిగిలేది దాదాపు 1,580 రూపాయలు. డీజిలు బండికి లక్షా పాతిక వేలు ఎక్కువ పెట్టుంటే అది తిరిగి రావడానికి ఆరున్నరేళ్ళు, మధ్యలో డీపీఎఫ్ ఒక్కసారి మొరాయిస్తే ఆ మిగులు కూడా హుళక్కి. అదే రోజుకి 150 తిరిగేవాడికి నెలకి దాదాపు 9,500 మిగులుద్ది, పదమూడు నెలల్లో తేడా వచ్చేస్తది, పైగా హైవే మీద మసి దానంతటదే కాలిపోద్ది. పొదలకూరు నుంచి మద్రాసుకి నిమ్మకాయలు తోలేవాడికీ, ఒంగోలు ఊళ్ళో నీళ్ళ క్యాన్లు దించేవాడికీ ఒకే బండి ఎట్ట సరిపోద్ది? మీ అంకెలు మీరు వేసుకోండి, పక్కింటోడి అంకెలు వద్దు.

అపోహ: టర్బో పెట్రోలు వస్తే ఇంక డీజిలు పనే లేదు.

ఇది మా అక్క కొడుకు గొడవ. డల్లాస్ దగ్గర ఉంటాడు, ఫోన్లో "మావా, ఇక్కడ ట్రక్కులన్నీ టర్బో పెట్రోలే, మీరింకా డీజిలు పట్టుకోని ఏలాడుతుండారు" అని ఎగతాళి. అన్నీ కాదు గానీ, వాడన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఫోర్డ్ వాళ్ళు 2011లోనే ఎఫ్-150 అనే వాళ్ళ పికప్‌కి 3.5 లీటర్ల టర్బో పెట్రోలు పెట్టారు, 2018లో దానికే 3 లీటర్ల డీజిలు తెచ్చి 2021కే ఆపేశారు. షెవర్లే వాళ్ళ సిల్వరాడో పికప్‌లో ఇప్పటికీ రెండూ ఉన్నాయి, 2.7 లీటర్ల టర్బో పెట్రోలు టార్కు, అంటే లాగే బలం, 583 న్యూటన్ మీటర్లు, 3 లీటర్ల డీజిలు 671. లాగడంలో తేడా మరీ ఎక్కువేం కాదు. కానీ అక్కడ బంకులో డీజిలే ఖరీదు, ఇక్కడ పెట్రోలు ఖరీదు. మన షోరూముల్లో దొరికే చిన్న పెట్రోలు లోడు బండ్లకి అసలు టర్బోనే లేదు, మామూలు పెట్రోలు, లేకపోతే సీఎన్‌జీ.

ఇంకోటి, టర్బో పెట్రోలు ఖాళీగా మెల్లగా పోతే పొదుపే, లోడు పెట్టి కాలు నొక్కారా తాగుద్ది. ఆ వేడికి టర్బో, పొగని శుభ్రం చేసే క్యాటలిస్టు మాడిపోకుండా కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోసి చల్లబరుస్తది. డీజిలుకి ఆ బాధ లేదు. మావాడే పడవని ట్రాలీ మీద పెట్టి లాగిన రోజు మైలేజీ సగానికి పడిందని ఒప్పుకున్నాడు, ఎగతాళి చేసిన నోటితోనే.

మిగతావి గబగబా. టర్బో ఉంటే ఇంజిను తొందరగా పోద్దంటారు, పోదు, పోయేది చౌక ఆయిలు వల్ల. కంపెనీ చెప్పిన గ్రేడు పొయ్యండి, లోడుతో బాగా లాగించుకోనొచ్చాక ఆపే ముందు ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచండి, అంతే. నిమిషం అన్నాను, అరగంట కాదు. పదేళ్ళకి డీజిలు బండి తుక్కే అన్నది ఢిల్లీ చుట్టుపక్కల పెట్టిన రూలు, నెల్లూరుకి దానికీ సంబంధం లేదు, ఆ భయంతో బంగారం లాంటి బండిని తెగనమ్ముకోకండి. ఈ20 పెట్రోలుకి (అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది) ఇంజిను కాలిపోద్దనేది కూడా ఉత్తదే, 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు దానికి తట్టుకునేట్టే చేశారు, ఇథనాల్లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంచెం పడుద్ది, అది మాత్రం నిజం.

ఇందుకూరుపేట ఆయన బండి అమ్మలేదు. అమ్మితే సగం కూడా రాదన్నారంట. వారానికొకసారి హైవే ఎక్కి గూడూరు దాకా ఆపకుండా పోయి రమ్మన్నా, మసి కాలిపోద్దని. రెండు వారాలు ఖాళీ బండితో పోయి టీ తాగి వచ్చాడు. మూడో వారం అక్కడ మార్కెట్టులో ఎవరో నిమ్మకాయల బస్తాలు వేస్తామంటే బాడుగ మాట్లాడుకోని వచ్చాడు. ఇప్పుడు వారానికి మూడు ట్రిప్పులు, డీపీఎఫ్ లైటు మళ్ళీ వెలగలా. గుంటల కాడికి మాత్రం పాత పెట్రోలు ఆటో ఒకటి కొన్నాడు.