గగన్‌యాన్‌లో ముందుగా కుక్కను ఎందుకు పంపడం లేదు?

ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు అంతరిక్ష వారోత్సవాలు. విజయవాడ, గుంటూరు స్కూళ్లలో రాకెట్ నమూనాల ముందు పిల్లలకు వచ్చే సందేహం ఒకటుంది: రష్యావాళ్లు కుక్కను పంపారు, అమెరికావాళ్లు కోతిని పంపారు, మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌కు ముందు మనవాళ్లు మాత్రం వ్యోమమిత్ర అనే మరబొమ్మను పంపుతామంటారేం? దీనికి జవాబు కావాలంటే ఆ జంతువులు దేనివల్ల చచ్చిపోయాయో చూడాలి.

మొదట వెళ్లినవి పండు ఈగలు. 1947 ఫిబ్రవరి 20న అమెరికా వాటిని వీ-2 రాకెట్‌లో 109 కి.మీ. ఎత్తుకు పంపింది. ప్రాణాలతోనే దిగాయి. తర్వాత రీసస్ కోతుల వంతు. ఇది మనవైపు కనిపించే పొడుగుతోక కోతి కాదు, ఉత్తరాది పొట్టితోక కోతి. 1949 జూన్ 14న ఆల్బర్ట్-2 అనే కోతి 134 కి.మీ. ఎత్తుకు వెళ్లింది. గుండె, ఊపిరి సంకేతాలు నేలను తాకేదాకా అందుతూనే ఉన్నాయి. పారాచూట్ విచ్చుకోక చచ్చిపోయింది. బరువు లేనితనం దాన్ని ఏమీ చేయలేదన్నమాట.

రష్యావాళ్లు పంపిన కుక్క లైకా విషయమూ అంతే. మాస్కో వీధికుక్కల్ని ఎంచుకున్నది అవి చలికీ ఆకలికీ తట్టుకుంటాయని. ఆడకుక్కల్నే తీసుకున్నది మలమూత్రాల సంచీ అమర్చడం తేలికని. చిన్న గదికి అలవాటయ్యేలా రోజుల తరబడి ఇరుకు బోనుల్లో ఉంచారు. తిండి జెల్లీ రూపంలో పెట్టారు. 1957 నవంబరు 3న లైకా ఉన్న స్పుత్నిక్-2 ఉపగ్రహం కక్ష్య చేరింది కానీ రాకెట్ ప్రధాన భాగం దాన్నుంచి విడిపోలేదు, వేడిని ఆపే పొర కొంత ఊడిపోయింది. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు ఎక్కింది. మే నెల బెజవాడలో 40 అంటే ఎవరూ లెక్కచేయరు, కానీ ఇక్కడ నీడా గాలీ ఉంటాయి. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది నాలుక చాచి రొప్పుతూ. మూసిన గదిలో ఆ ఆవిరి గాలిలోనే చేరి, రొప్పినా ఫలితం ఉండదు. కొన్ని గంటల్లోనే చచ్చిపోయింది. రోజుల తరబడి బతికిందని అప్పట్లో చెప్పారు. అసలు సంగతి 2002లో గానీ బయటపడలేదు. నిజానికి అన్నీ సవ్యంగా జరిగినా అది తిరిగొచ్చేది కాదు, దింపే ఏర్పాటే లేదు. ఈ చరిత్రలో సమర్థించుకోలేని ఘట్టం ఇదే.

1960 ఆగస్టులో బెల్కా, స్ట్రెల్కా అనే రష్యా కుక్కలు కక్ష్యలో తిరిగి క్షేమంగా దిగాయి. నాలుగో చుట్టులో బెల్కా వాంతి చేసుకుంది; అంతరిక్షానికి వెళ్లిన తొలి మనిషి గగారిన్ ప్రయాణాన్ని ఒక్క చుట్టుకు పరిమితం చేయడానికి అదొక కారణం. 1961 జనవరి 31న అమెరికా పంపిన హామ్ అనే చింపాంజీ బరువు లేని స్థితిలోనూ మీటలు నొక్కగలిగింది. అయితే రాకెట్ అతివేగంగా వెళ్లడంతో క్యాప్సూల్ అనుకున్న చోటికి దాదాపు 200 కి.మీ. అవతల సముద్రంలో పడి, లోపలికి నీళ్లొచ్చాయి. అందుకని మార్చిలో మనిషి లేకుండా ఇంకోసారి రాకెట్‌ను పరీక్షించారు. ఈలోగా ఏప్రిల్ 12న గగారిన్ వెళ్లొచ్చాడు. అమెరికా తొలి వ్యోమగామి షెపర్డ్ వంతు మే 5న గానీ రాలేదు.

1966లో వెటెరోక్, ఉగోల్యోక్ అనే కుక్కలు 22 రోజులుండి కండలు తగ్గి నీరసంగా వచ్చాయి. ఆ తర్వాత మనుషులే నెలల తరబడి ఉండసాగారు. మనిషి అక్కడ బతకగలడా అన్న ప్రశ్న తీరిపోయింది. ఇప్పుడు వెళ్లేవి చిన్న జీవులు, మొక్కలు. గుంటూరు ప్రాంత మూలాలున్న శిరీష బండ్ల 2021 జులై 11 ప్రయాణంలో చూసుకున్నది గొట్టాల్లోని చిన్న మొక్కల ప్రయోగాన్నే. 2025లో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో ప్రయోగాలు చేసిన జీవుల్లో కంటికి సరిగా కనపడనంత చిన్న టార్డిగ్రేడ్లున్నాయి.

గగన్‌యాన్‌కు మిగిలినవి యంత్రం తాలూకు ప్రశ్నలు: గది వేడి, గాలి, దిగేటప్పటి కుదుపు. వీటికి సెన్సర్లు చాలు. వ్యోమమిత్రకు కాళ్లు లేవు. ప్యానెల్ చూసి స్పందించేంత పని చేయగలిగితే చాలు. క్యాప్సూల్‌కు పారాచూట్లు పది: మూత లాగేవి రెండు, వేగం తగ్గించేవి రెండు, పెద్దవాటిని బయటికి లాగేవి మూడు, పెద్దవి మూడు. పెద్దవాటిలో రెండు విచ్చుకున్నా క్షేమంగా దిగొచ్చు. 2025 ఆగస్టు 24న శ్రీహరికోట దగ్గర హెలికాప్టర్ నుంచి దాదాపు 5 టన్నుల ఖాళీ నమూనాను జారవిడిచి చూసింది ఈ వరుసనే.