డప్పు ఒకరిది, మాట మరొకరిది: దక్షిణ తెలంగాణలో పాట, రేడియో, హక్కు

ఊరివాళ్ళే నడుపుకునే చిన్న రేడియో, అంటే కమ్యూనిటీ రేడియో చరిత్రను 2006 నాటి ప్రభుత్వ విధానంతో మొదలుపెట్టడం అందరికీ అలవాటైంది. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల విషయంలో ఆ లెక్క సరిపోదు. నిజాం కాలంలో ఇక్కడి ఊళ్ళలో కబురు చెప్పే సాధనం డప్పు. శిస్తు గడువైనా, గడీకి వెట్టికి రమ్మన్న ఆజ్ఞ అయినా, చావు కబురైనా చాటింపు వేయవలసింది మాదిగవాడ మనిషే. అది కులం పేరుతో నెత్తిన పడ్డ పని. ఊరంతటికీ వినిపించే గొంతు అతనిది, అందులో ఒక్క మాటా అతనిది కాదు. వాడలో తాగడానికి నీళ్ళు లేవనో, చేసిన పనికి గింజలు కొలవలేదనో అదే డప్పు మీద చాటితే వీపు చిట్లిపోయేది. ప్రసార సాధనం ఒకరి చేతిలో, సందేశం మరొకరి నోట్లో ఉండే ఈ పద్ధతి ఈ నేల మీద ఎన్నిసార్లు తిరగబడింది, ఎన్నిసార్లు మళ్ళీ పాత చోటికే వచ్చింది అన్నదే ఇక్కడి అసలు చరిత్ర.

మొదటిసారి అది తిరగబడింది 1940లలో. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత, జనం సంఘం అని పిలుచుకున్న ఆ సంస్థ ఊరూరికీ పాకింది. చదువు రాని జనానికి సంఘం మాటను చేర్చింది పాటే. అప్పటి నల్లగొండ జిల్లా సుద్దాల గ్రామానికి చెందిన సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, పిట్టలదొర, వీధి భాగోతం వంటి జనానికి బాగా తెలిసిన రూపాలను తీసుకుని వాటిలో వెట్టి గురించి, దొరల దోపిడీ గురించి పెట్టాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి గెరిల్లాగా ఉంటూ పాటలు కట్టి పాడాడు. ఏ ఊళ్ళో దొరను నిలదీశారు, ఏ ఊళ్ళో భూమి పంచారు, ఎక్కడ రజాకార్లు ఇళ్ళు తగలబెట్టారు అన్న సంగతులు జనానికి చేరింది ఎక్కువగా ఇలాగే. ఈ పాటలను సాహిత్యంగా చదివి మెచ్చుకునేవారు ఒక విషయం తరచూ వదిలేస్తున్నారు. కట్టిన రోజున అవి వార్తలు. ఈ కథ చివరిదాకా ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో దక్కన్ రేడియో ఉండేది. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ప్రధానంగా ఉర్దూలో నడిచిన ఆ రేడియో నగరానికి, కొలువుకు దగ్గర. నల్లగొండ రైతుకు అది మరో లోకం. 1948 సెప్టెంబరులో భారత సైన్యానికి లొంగిపోతున్నట్లు నిజాం ప్రకటించింది రేడియోలోనే. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది.

ఆకాశవాణి చేసిన మేలును తక్కువ చేయకూడదు. పంచాయతీ రేడియో పుణ్యమా అని సాయంత్రం పూట రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్ళు విత్తనాల గురించి, తెగుళ్ళ గురించి, వాన గురించి విన్నారు. జానపద గాయకులు కొందరికి స్టూడియో తలుపులు కూడా తెరుచుకున్నాయి. కానీ మాట మళ్ళీ టవరు మీదికెక్కింది. ఏం పాడాలో, ఎన్ని నిమిషాలు పాడాలో, ఏ యాసలో మాట్లాడితే మర్యాదగా ఉంటుందో నిర్ణయించేది హైదరాబాదులోని గది. తెలంగాణ పలుకుబడి అంటే నవ్వించే పాత్రకు పనికివచ్చేదన్న అభిప్రాయం సినిమాలతోపాటు ప్రసార మాధ్యమాల్లోనూ పాతుకుపోయిందని ఇక్కడివారు దశాబ్దాలపాటు చెబుతూనే వచ్చారు. సొంత మాటకే గౌరవం లేని చోట సొంత బాధకు గౌరవం ఎలా దొరుకుతుంది?

ఆ బాధ నల్లగొండలో నీళ్ళ రూపంలో ఉంది. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని నిజాం పాలన నాటికే గుర్తించారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఊళ్ళలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్ళు తాగి పిల్లల కాళ్ళు వంకర తిరిగాయి, నడివయసు వాళ్ళ నడుములు బిగుసుకుపోయాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందిస్తే దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ పేరు ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోకి వెళ్ళింది, మంచినీళ్ళు మాత్రం ఊళ్ళకు రాలేదు. చివరికి జలసాధన సమితి ఉద్యమకారులు ఒక దారి వెతికారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. అది గెలవడానికి కాదు, వినబడడానికి. దేశమంతా నల్లగొండ వైపు చూసింది. ఆ ఏడాదే పార్లమెంటు లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. తాగునీటి గోడు చెప్పుకోవడానికి వందల మంది నామినేషన్లు వేయవలసి వచ్చిందంటే, ఆ జిల్లాకు సొంత గొంతు వినిపించే మార్గం ఏదీ లేదనే అర్థం.

గొంతు విప్పినవాళ్ళకు ఏమైందో కూడా చెప్పుకోవాలి. భువనగిరి ప్రాంతపు గాయని బెల్లి లలిత తెలంగాణ కళా సమితి తరఫున ఊరూరా పాడింది. వేల మంది ఆమె కోసం సభలకు వచ్చేవారు. 1999 మే నెలలో ఆమెను చంపి, శరీరాన్ని ముక్కలు చేసి వేర్వేరు చోట్ల పడేశారు. పాట వినోదం మాత్రమే అయితే పాడే మనిషిని అంత కసిగా చంపవలసిన అవసరం ఎవరికీ ఉండదు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం అనే ఆటపాటల సభలు ఆ తర్వాతి దశాబ్దమంతా ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాన్ని భుజాన మోశాయి. అప్పుడు కూడా పాటకు దొరికింది వేదికే. ప్రసార తరంగాలు దొరకలేదు.

తరంగాల కథ ఢిల్లీలో వేరుగా నడిచింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఆధారంగా ప్రసారంపై గుత్తాధిపత్యం ప్రభుత్వానిదిగా ఉండేది. బెంగాల్ క్రికెట్ సంఘం తమ పోటీల ప్రసార హక్కుల కోసం వేసిన వ్యాజ్యంలో 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జస్టిస్ పి.బి. సావంత్ తీర్పు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని స్పష్టం చేసింది. విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కరీంనగర్ జిల్లా బిడ్డ. ఆయన కూడా ఆ ఆస్తి ప్రజల మేలుకే ఉపయోగపడాలన్నారు. తీర్పు తర్వాత మొదట లాభపడింది వ్యాపార ఎఫ్.ఎం.లు. 2000లో హైదరాబాదు, పస్తాపూర్‌లలో యునెస్కో తోడ్పాటుతో జరిగిన సమావేశం లాభాపేక్ష లేని, స్థానికమైన, సముదాయమే నడుపుకునే రేడియో కావాలని ప్రకటించింది. 2002లో ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రం అనుమతి ఇచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరుచుకుంది 2006 నవంబరులో.

ఈ తలుపు ముందు అందరికన్నా ఎక్కువ కాలం నిలబడినవారు జహీరాబాద్ దగ్గరి మాచునూరు మహిళలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు 1990ల చివరి నుంచే స్టూడియో నడిపారు. లైసెన్సు లేక, రికార్డు చేసిన క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించినది ఆ తీర్పు రాసిన జస్టిస్ సావంతే. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు యువతులు మైకు, మిక్సరు పట్టారు. జొన్న, కొర్ర, సామ విత్తనాల గురించి, పండుగ పాటల గురించి, కూలి గురించి వాళ్ళ యాసలో వాళ్ళే మాట్లాడారు. చాటింపు వేసిన కులాల ఆడపిల్లలు సొంత మాట చాటడం ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద సంఘటన.

మాచునూరు ఉమ్మడి మెదక్ జిల్లాది. అక్కడ నేర్చుకున్నది దక్షిణానికి ఎలా పనికివస్తుంది? పాలమూరు పాటల సంపద తక్కువది కాదు. లింగాల మండలం అవుసలికుంట వాసి దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడతాడు. ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచాడని పాలమూరు జనం తలచుకునే వీరుడతను. మొగిలయ్యకు 2022లో, నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. అయితే ఇలాంటి కళాకారుల పాటలను ఎవరెవరో వచ్చి ఫోన్లలో, కెమెరాల్లో పట్టుకుపోతారు. ఆ పాట మళ్ళీ ఎక్కడ మోగుతుందో, దాని మీద వచ్చిన సొమ్ము ఎవరిదో పాడిన మనిషికి తెలియదు. ఊరి రేడియోలో రికార్డింగు ఊరిదే అవుతుంది. అడగడానికి ఒక గది, ఒక మనిషి ఉంటారు.

ఇంకో మాట. సంస్కృతి అన్నదంతా దాచుకోదగింది కాదు. ఇదే పాలమూరులో దళిత బాలికలను దేవత పేరుతో జోగినిలుగా మార్చి శవయాత్రల ముందు, జాతరల్లో ఆడించారు. 1988లో చట్టం చేసి ఆ ఆచారాన్ని నిషేధించారు. ఆ ఆటపాటలను జానపద కళ పేరుతో భద్రపరుస్తామంటే, ఎవరిని బలవంతపెట్టి ఆడించారో ముందు చెప్పాలి. అది చెప్పగలిగేది ఆ ఆడవాళ్ళే, వాళ్ళ చేతికి మైకు వస్తే.

వలస సంగతి కూడా అంతే. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సుకు కట్టుబడి పాలమూరు లేబరు దేశమంతటా ఆనకట్టలు, కాలువలు తవ్వింది. ఏ మేస్త్రీ లెక్క ఎగ్గొట్టాడు, ఏ పని చోట ప్రమాదం జరిగింది, ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళకు పింఛను అందిందా లేదా అన్నవి ఆ ఇళ్ళకు బతుకు ప్రశ్నలు. వీటికి 100 వాట్ల శక్తి, 30 మీటర్ల స్తంభం, పది పదిహేను కిలోమీటర్ల పరిధి చాలు. ఆ పరిధిలో ఒక మండలం పడుతుంది.

చిక్కు వచ్చింది ఇక్కడే. 2006 విధానం కమ్యూనిటీ రేడియోలో వార్తలను, వర్తమాన వ్యవహారాలను నిషేధించింది. తర్వాత ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండా వినిపించుకోవచ్చన్నారు. వాతావరణం, పరీక్షలు, కరెంటు, నీటి సరఫరా ప్రకటనలు వార్తల కిందికి రావన్నారు. అంటే మర్రిగూడలో రేడియో ఉంటే నల్లా నీళ్ళు రేపు వస్తాయని చెప్పవచ్చు. నెల రోజులుగా ఎందుకు రాలేదని ఒక ఆడమనిషి అడిగితే? అది వార్త అవుతుందేమో, అనుమతి పోతుందేమో అని నడిపేవాళ్ళు వణకాలి. పాటే వార్తగా బతికిన ప్రాంతంలో వార్త లేని పాట పాడమనడం చాటింపు డప్పును మళ్ళీ చేతికివ్వడమే. పత్రికకు, టీవీ ఛానెల్‌కు లేని ఆంక్ష ఊరి రేడియోకు ఎందుకో ఇన్నేళ్ళలో ప్రభుత్వం ఒప్పించే కారణం చెప్పలేదు. కామన్ కాజ్ సంస్థ ఈ నిషేధాన్ని ప్రశ్నిస్తూ 2013లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

డబ్బు ఇబ్బందీ ఉంది. 2012లో స్పెక్ట్రమ్ రుసుమును ఏడాదికి 19,700 నుంచి 91,000 రూపాయలకు పెంచారు, దేశమంతటా నిరసన రావడంతో వెనక్కి తీసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త మార్గదర్శకాలు అనుమతి కాలాన్ని పదేళ్ళు చేశాయి, గంటకు 12 నిమిషాల దాకా వ్యాపార ప్రకటనలు వేసుకోనిచ్చాయి. వార్తల మీది నిషేధాన్ని మాత్రం ఎత్తివేయలేదు.