చిన్న విమానాల్లో డిజిటల్ తెరలు: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతికి అమలాపురం వస్తే మా బాబాయ్ ఏటా ఒకటే అడుగుతాడు: "ఏరా అబ్బాయ్, పాత విమానానికి కొత్త టీవీ బిగించడానికి అన్నేసి వారాలా?" చిన్న విమానాల్లో ఏవియానిక్స్, అంటే ఎలక్ట్రానిక్ పరికరాల పని నాది. ఇలాంటి మాటలు మా ఇంటి అరుగు మీదే కాదు, విమానం నడపడం నేర్చుకునే పిల్లల దగ్గరా వింటుంటాను.

అపోహ: పాత గుండ్రటి మీటర్లు పీకేసి తెర పెడితే అయిపోతుంది.

తెర బిగించడం ఒక పూట పని. అసలు పని దాని వెనక ఉంటుంది. సెస్నా 172 అనే చిన్న విమానం పాతదాని ప్యానెల్ విప్పితే ఎప్పుడెప్పుడో వేసిన వైర్లు, ఎక్కడికీ వెళ్లని వైర్లు కూడా బయటపడతాయి. ఒక్కొక్కటీ దేనిదో తేల్చుకుని తీయాలి. మన గాలి సంగతి రొయ్యల చెరువులున్నవాళ్లకు బాగా తెలుసు. ఏరేటర్ మోటార్ టెర్మినల్‌కు పచ్చటి చిలుము పడుతుంది కదా, సముద్రం దగ్గర ఆరుబయట నిలిపిన విమానం కనెక్టర్లలోనూ అదే చిలుము చూశాను. దాన్ని అలాగే వదిలేసి లక్షల ఖరీదు చేసే తెర పెడితే, అంకెలు వస్తూ పోతూ ఉంటాయి.

ఆ మోడల్ విమానానికి ఆ పరికరం బిగించవచ్చని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అంగీకరించిన ఆమోదం కూడా ఉండాలి. ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు చాలుతుందో లేదో చూడాలి, విమానం బరువు మళ్లీ లెక్కగట్టాలి.

అపోహ: డిజిటల్ అయ్యాక గాలి గొట్టాలతో పనిలేదు.

రెక్క కింద పీటో ట్యూబ్ అనే చిన్న గొట్టం ఉంటుంది. ఎదురుగాలి అందులో కలిగించే ఒత్తిడిని బట్టే వేగం తెలుస్తుంది. పాత ముల్లుకైనా కొత్త తెరకైనా ఆ గాలే ఆధారం.

ఒకసారి, తెరలు కొత్తగా మార్చిన శిక్షణ విమానం రన్‌వే మీద పరుగెత్తుతోంది. తెర మీద వేగం మాత్రం పెరగలేదు. ఇన్‌స్ట్రక్టర్ వెంటనే ఇంజిన్ తగ్గించి వెనక్కి తెచ్చేశారు. అందరూ తెరనే తప్పుపట్టారు, నేనూ ముందు దాన్నే అనుమానించాను. చివరికి టార్చ్ వేసి గొట్టంలోకి చూస్తే ఎండిన మట్టి! మన ఇళ్లలో కిటికీ మూలల్లో మట్టిగూడు కట్టే కందిరీగ పని. రెండు రోజులు గొట్టానికి తొడుగు వేయలేదు, అంతే.

అలాంటప్పుడు గొట్టంలోకి గాలి ఊదకండి. పరికరం వైపు పైపు విప్పకుండా ఊదితే లోపలి సెన్సర్ పాడవుతుంది.

అపోహ: కరెంటు పోతే తెర ఆరిపోతుంది, విమానం పడిపోతుంది.

ఈ విమానాల్లో చాలావాటికి ఇంజిన్‌లో నిప్పురవ్వ, ఇంజిన్ తిరుగుడుతోనే కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచి వస్తుంది, బ్యాటరీతో సంబంధం లేదు. తెర ఆరినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. పైగా గార్మిన్ జీ5 లాంటి చిన్న డిజిటల్ తెరకు 4 గంటల దాకా పనిచేసే సొంత బ్యాటరీ పెట్టుకోవచ్చు.

నిజానికి నన్ను ఎక్కువ భయపెట్టేది పాత పద్ధతే. విమానం వాలును చూపించే పాత పరికరంలోని గైరో అనే చక్రం, వాక్యూమ్ పంపు లాగే గాలికి తిరుగుతుంది. పంపు పోతే గైరో టక్కున ఆగదు, మెల్లగా నెమ్మదిస్తూ తప్పుడు వాలు చూపిస్తుంది. మబ్బులో ఉన్న పైలట్ దాన్ని నమ్మి విమానాన్ని ఒరిగించేస్తాడు. డిజిటల్ పరికరం తనకు తెలియనప్పుడు ఎర్రటి ఇంటూ గుర్తు వేసేస్తుంది. నా లెక్కలో మార్పిడికి ఇదొక్కటే చాలినంత కారణం.

అపోహ: కొత్త తెరలుంటే ప్రమాదాలు వాటంతటవే తగ్గుతాయి.

అమెరికాలో ప్రమాదాలపై దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 2010లో దీని మీద అధ్యయనం విడుదల చేసింది. డిజిటల్ కాక్‌పిట్ ఉన్న చిన్న విమానాలకు మొత్తం ప్రమాదాల రేటు తక్కువగా, ప్రాణాలు పోయిన ప్రమాదాల రేటు ఎక్కువగా తేలింది. ఆ పరికరాలకు తగిన శిక్షణ కావాలని అది గట్టిగా చెప్పింది. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి లేచి ధవళేశ్వరం ఆనకట్ట దాటేసరికి, పుష్యమాసం పొద్దున మంచులో చేలూ ఆకాశమూ ఒకటే రంగు. తెర మీద మ్యాప్ ఎంత ముచ్చటగా ఉన్నా, చూపుతో నడపడమే నేర్చిన పైలట్‌కు ఆ మంచులోకి దూరే అర్హత రాదు.

అందుకే విమానం అప్పగించేటప్పుడు నేల మీదే పైలట్‌ను కూర్చోబెట్టి, పరికరాలకు కరెంటు ఆపే బ్రేకర్లను ఒక్కొక్కటిగా లాగుతాను. ఏది పోయింది, ఏది మిగిలింది, ఇప్పుడు ఎత్తు ఎక్కడ చూస్తావు అని అడుగుతాను. తడుముకోకుండా వేలు పెట్టి చూపించేదాకా దిగనివ్వను.