పులి దారి, మరిచ్‌ఝాపి, ఒక నవల

కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులుల కారిడార్‌ను కన్జర్వేషన్ రిజర్వ్ (వన్యప్రాణుల రక్షిత ప్రాంతం) చేస్తూ 2025 మేలో వచ్చిన జీవో 49ని, ఆదివాసుల ఆందోళనతో ప్రభుత్వం జులైలో ఆపింది. తగవు తీరలేదు. అడవి గొడవ లేచినప్పుడల్లా ఇంకో మాటా లేస్తుంది: విదేశాల్లో కూర్చుని రాసేవాళ్ళకు ఇక్కడి అడవి సంగతి ఏం తెలుసని?

ప్రవాస కథల్లో వాన, మామిడిచెట్టు, వదిలొచ్చిన ఊరి బెంగ అందరూ చదివినవే. మలుపు 2004లో వచ్చింది. అమెరికాలో ఉండే అమితావ్ ఘోష్ ‘ద హంగ్రీ టైడ్’ నవలలో బెంగాల్ సుందర్‌బన్స్ అందాలతో ఆగకుండా అక్కడి మరిచ్‌ఝాపి దీవి ఘటనను తవ్వితీశారు.

తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కాందిశీకులను, ఎక్కువమంది దళితులను, దండకారణ్యానికి పంపారు. ఆ పథకం 1958 నాటిది. మన కాగజ్‌నగర్ పక్కన ఈస్గాం, నజ్రుల్‌నగర్ కూడా కాందిశీకుల ఊళ్ళే. నీటిసీమలో పుట్టి పెరిగినవాళ్ళకు రాతినేల చూపిస్తే ఏం పండిస్తారు? 1978లో వేలమంది మరిచ్‌ఝాపి దీవికి చేరి కట్టలు పోసుకున్నారు, చేపల చెరువులు తవ్వుకున్నారు, బడి పెట్టుకున్నారు. అది రిజర్వ్ ఫారెస్టని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం అంది. 1979 జనవరిలో 144 సెక్షన్ పెట్టి, పోలీసు లాంచీలతో దీవిని చుట్టుముట్టి, తిండీ మంచినీళ్ళూ అందనివ్వలేదు. మేలో గుడిసెలు తగలబెట్టి ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్ళ లెక్క నేటికీ తేలలేదు.

మన పులుల కారిడార్ గురించి అటవీశాఖ చెప్పే మాటలోనూ నిజముంది. ఇక్కడి కవ్వాల్, మహారాష్ట్రలోని తడోబా పులుల అభయారణ్యాల మధ్య దారి తెగితే కవ్వాల్‌కు కొత్త పులి రాదు.

నవలలో పియా అమెరికా నుంచి డాల్ఫిన్ల లెక్కకు వస్తుంది. ఆమెకు దారి చూపే జాలరి ఫకీర్ తల్లి మరిచ్‌ఝాపిలోనే పోయింది. తుపానులో ఫకీర్ చనిపోతాడు, పియా కాగితాలన్నీ కొట్టుకుపోతాయి. చేతిలోని జీపీఎస్ ఒక్కటే మిగులుతుంది. డాల్ఫిన్ కనిపించిన ప్రతి పాయలోకీ ఫకీర్ పడవ తిప్పిన జాడ అందులో ఉంది.

పోడు సర్వేలోనూ జీపీఎస్ పట్టుకుని చేను గట్టు చుట్టూ తిరుగుతారు. దట్టమైన చెట్ల కింద జీపీఎస్ పాయింట్లు పక్కకు జరుగుతాయి. ఈ ఏడు దున్నిన చెలక ఎక్కుతుంది, బీడు పెట్టింది జారిపోతుంది. అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉన్న భూమికే, అదీ 4 హెక్టార్ల దాకానే హక్కు. జారిన బీడు మళ్ళీ లెక్కలోకి రావడం కష్టం. ఆ చట్టం నిబంధనల్లో 13వది ఊరి పెద్దల వాంగ్మూలాన్ని, పాత బావిని, శ్మశానాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. సర్వేకు ముందే గ్రామసభలో ఆ వాంగ్మూలం రాయించి దరఖాస్తుకు జతచేయాలి.