విరాళంతో మొదలై షేర్ మార్కెట్‌కు చేరిన సంస్థ

స్వచ్ఛంద సంస్థ తన పనికి కావలసిన డబ్బు ఎవరి దగ్గర తీసుకోవచ్చు, ఎంతవరకు తీసుకోవచ్చు? ఈ చర్చ వచ్చినప్పుడల్లా తెలుగు నేల మీద జరిగిన సూక్ష్మ రుణాల (పేదలకు పూచీకత్తు లేకుండా ఇచ్చే చిన్న అప్పుల) కథ గుర్తు చేసుకోవాలి. ఆ అప్పుల వసూళ్లు రాష్ట్రంలో దాదాపు ఆగిపోయిన 2010 సంక్షోభం చాలామందికి గుర్తుంది. దానికి ముందు పన్నెండేళ్లలో డబ్బు దారి ఎలా మారుతూ వచ్చిందన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. 1993లో సారా నిషేధం వచ్చాక అదే ఆడవాళ్లు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. 1992లోనే గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ఇలాంటి పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పథకం ప్రారంభించింది. డ్వాక్రా గ్రూపులు ఊరూరా విస్తరించాయి. ఇక్కడ మూలధనం సభ్యుల పొదుపే, కాబట్టి ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో వాళ్లే తేల్చుకునేవారు.

అదే కాలంలో పేద మహిళలకు చిన్న అప్పులిచ్చే బంగ్లాదేశ్‌లోని గ్రామీణ బ్యాంకు స్ఫూర్తితో మరో దారి మొదలైంది. విక్రమ్ ఆకుల 1997లో స్వయం కృషి సంగం (ఎస్‌కేఎస్) పేరుతో సొసైటీని రిజిస్టర్ చేశారు. అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో అప్పులివ్వడం ప్రారంభించారు. షేర్, స్పందన వంటి సంస్థలు కూడా అలా సేవాసంస్థలుగానే మొదలయ్యాయి. బ్యాంకు గడప తొక్కలేని పేద మహిళకు పూచీకత్తు లేకుండా అప్పు అందించడం వీటి ఆశయం. ఆశయం నిజమైనదేనని నేను నమ్ముతాను.

చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. గ్రాంటు ఏడాదికో రెండేళ్లకో అయిపోతుంది. సొసైటీకి వాటాలుండవు కాబట్టి పెట్టుబడిదారులు రారు. సొంత మూలధనం లేకపోతే బ్యాంకులు కూడా కొంతవరకే అప్పిస్తాయి. 2000లో సూక్ష్మ రుణ సంస్థలకు బ్యాంకులిచ్చే అప్పును రిజర్వు బ్యాంకు ప్రాధాన్య రంగ రుణంగా (బ్యాంకులు కొంత మేర తప్పక ఇవ్వాల్సిన అప్పుగా) లెక్కించడంతో బ్యాంకు డబ్బుకు తలుపు తెరుచుకుంది. కానీ అది పెద్ద మొత్తంలో రావాలంటే వాటాల మూలధనం ఉన్న కంపెనీగా మారడం మేలు. ఎస్‌కేఎస్ 2005లో బ్యాంకింగేతర ఆర్థిక సంస్థగా, అంటే బ్యాంకు కాకుండానే అప్పులిచ్చే కంపెనీగా మారింది.

ఈ మార్పు ఎలా జరిగిందో కాస్త నిలిచి చూడాలి. సొసైటీ పేదల కోసమని సేకరించిన గ్రాంటు డబ్బును రుణగ్రహీతల పేరుతో ఏర్పాటైన మ్యూచువల్ బెనిఫిట్ ట్రస్టుల్లో ఉంచారు. ఆ ట్రస్టులు కంపెనీలో వాటాలు కొన్నాయి. కాగితం మీద పేద మహిళలే యజమానులు. కానీ తాము యజమానులమని వాళ్లలో ఎంతమందికి తెలుసు? కంపెనీ నిర్ణయాల్లో వాళ్ల మాట ఎంత చెల్లింది? సూక్ష్మ రుణాలపై పరిశోధన చేసిన ఆచార్య ఎం.ఎస్. శ్రీరామ్ 2010లోనే ఈ ఏర్పాటును విశ్లేషించి గట్టి ప్రశ్నలు వేశారు. విరాళం ఇచ్చినవాళ్ల ఉద్దేశాన్ని కాపాడాల్సింది సరిగ్గా ఇక్కడే. నా దృష్టిలో ఈ కథంతటికీ కీలకమైన మలుపు ఇదే.

తర్వాత వెంచర్ పెట్టుబడులు, అంటే వేగంగా ఎదిగే కంపెనీల్లో వాటాలు కొనేవారి డబ్బు, వచ్చాయి. అలా పెట్టుబడి పెట్టినవాళ్లు ఏటేటా పెరుగుదల అడుగుతారు. అందులో తప్పు లేదు, వాళ్ల పని అది. పెరుగుదల కోసం ఒకే ఊళ్లో నాలుగైదు సంస్థలు ఒకే మహిళకు అప్పులిచ్చాయి. ఒక అప్పు కిస్తీ కట్టడానికి మరో అప్పు తీసుకోవడం మామూలైపోయింది. ఒకరి అప్పుకు గ్రూపులో మిగతావాళ్లు హామీ ఉండే గ్రూపు పూచీ అనేది పక్కింటివాళ్లే నిలదీసే పరిస్థితికి దారితీసింది. 2006లోనే హెచ్చరిక వచ్చింది: కృష్ణా జిల్లా యంత్రాంగం యాభై దాకా శాఖలను మూసివేయించింది. ఆ గొడవ సర్దుకుంది గానీ, డబ్బు వచ్చే దారి మారలేదు.

2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌కు వచ్చింది. ఒక్కో షేరు 985 రూపాయలు. పబ్లిక్ ఇష్యూ విలువ సుమారు 1,650 కోట్లు. పేదల అప్పు మీద లాభం తీయడమేంటని గ్రామీణ బ్యాంకు స్థాపకుడు మహమ్మద్ యూనస్ బహిరంగంగా వ్యతిరేకించారు. మార్కెట్ డబ్బు లేకుండా కోట్లమందికి అప్పు చేరదని ఆకుల వాదించారు. వాదన సాగుతుండగానే అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్ల వేధింపులు, అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలు అనే వార్తలు దానికి కారణం. వసూలు ఇళ్ల దగ్గర కాకుండా బహిరంగ స్థలంలో జరగాలన్నారు, వారం కిస్తీ బదులు నెలవారీ వాయిదా అన్నారు. రాష్ట్రంలో వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. 2011 జనవరిలో రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ వడ్డీకీ లాభానికీ పరిమితులు సూచించింది. ఆ నవంబరులో ఆకుల సంస్థ నుంచి వైదొలిగారు. 2016లో పేరు భారత్ ఫైనాన్షియల్ ఇన్‌క్లూజన్ అయింది. 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసింది.

ఇప్పుడు సేవాసంస్థల ముందు మళ్లీ మార్కెట్ దారి ఉంది. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022లో సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (సేవాసంస్థలు డబ్బు సేకరించుకునే మార్కెట్ వేదిక) నిబంధనలు తెచ్చింది. ఈసారి తేడా పెద్దదే. లాభాపేక్ష లేని సంస్థలు అమ్మే బాండుకు వడ్డీ రాదు, అసలూ తిరిగిరాదు, కాబట్టి కొన్నవారు లాభం అడగలేరు. పైగా ఏ పనికి డబ్బు తీసుకుంటున్నారో ముందే ప్రకటించాలి, ఫలితాలపై ఏటా నివేదిక ఇవ్వాలి. అయినా ఆ నివేదికలో ఏది కొలుస్తారన్నది సంస్థ చేతుల్లో ఉంటుందా, డబ్బిచ్చేవారి చేతుల్లో ఉంటుందా అన్నది మొదటి దరఖాస్తు రోజునే తేల్చుకోవాల్సిన విషయం.