బిల్లు పేరు చివర దొంగ తోక

బెంగళూరు చిక్‌పేటలో చీరల హోల్‌సేల్ కొట్టు నడిపే ధర్మవరం పెద్దాయన అడిగారు: "పేరు చివర పీడీఎఫ్ అనే ఉంది సార్. బిల్లే కదా అని మా గుమాస్తా తెరిచాడు. ఫైళ్లన్నీ లాకైపోయాయి. పీడీఎఫ్‌లో కూడా వైరస్ ఉంటుందా?"

ఉండొచ్చు. కానీ ఆయనకి వచ్చింది పీడీఎఫే కాదు.

శివాజీనగర్‌లో దుకాణాల బోర్డులు చూడండి. కన్నడం ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకి. ఆ ఉర్దూ మధ్యలో ఫోన్ నంబరు వస్తే అది మళ్లీ ఎడమ నుంచే! పెయింటరుకి ఇది చేతికి వచ్చిన విద్య. కంప్యూటరుకి మాత్రం నియమం కావాలి. అన్ని లిపుల అక్షరాలకీ సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్ ఆ నియమం రాసింది: అక్షరాల్ని దాచేది టైపు చేసిన వరుసలో, తెరమీద పేర్చేది ఆ లిపి నడిచే దిక్కులో. హీబ్రూ, ఇంగ్లిష్, అంకెలు కలగలిసిన పార్టు నంబర్ల లాంటి చోట అది చాలదు. అందుకని కంటికి కనబడని గుర్తు ఒకటి పెట్టారు. దాని సంకేతం 202ఈ. "ఇక్కణ్ణుంచి అన్నీ కుడి నుంచి ఎడమకి పేర్చు" అని దానర్థం.

దొంగ ఈ గుర్తునే వాడుకుంటాడు. "బిల్లు" అని రాసి, గుర్తు పెట్టి, ఆపైన ఎఫ్-డీ-పీ-చుక్క-ఎస్-సీ-ఆర్ అని కొడతాడు. తెరమీద కనబడేది బిల్లు-ఆర్-సీ-ఎస్-చుక్క-పీ-డీ-ఎఫ్. విండోస్ మాత్రం దాచిన వరుసే చూస్తుంది. దాని చివర ఉన్నది ఎస్‌సీఆర్, అంటే స్క్రీన్ సేవర్, నేరుగా నడిచే ప్రోగ్రాం. ఈ-ఎక్స్-ఈ అయితే మన "వికటకవి" లాంటిది, తిప్పినా అదే. కాబట్టి పేరు మధ్యలో అది కనబడినా ఆగండి. పీడీఎఫ్ బొమ్మ ఉందంటారా? ప్రోగ్రాం తన బొమ్మ తానే తెచ్చుకుంటుంది.

2000 మేలో వచ్చిన "ఐ లవ్ యూ" వైరస్‌కి ఇంత తెలివి అక్కర్లేకపోయింది. విండోస్ తోకను, అంటే ఫైలు పేరులో చివరి చుక్క తర్వాత వచ్చే అక్షరాల్ని, దాచేసేది, అంతే. ఇది తోక చూపిస్తూనే మోసం చేస్తుంది.

మెయిల్ కంపెనీలు ప్రోగ్రాముల్ని ఆపేస్తాయి గనక, పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో చుట్టి, ఆ పాస్‌వర్డ్ మెయిల్లోనే రాస్తారు. తాళం వేసిన పెట్టె లోపలికి స్కానర్ సాధారణంగా తొంగిచూడలేకపోతుంది. ఆయుధపూజకి సిస్టమ్‌కి బొట్టు పెట్టే కొట్లలో యాంటీవైరస్‌నీ తాయెత్తులా నమ్ముతున్నారు. ఎరిగిన దొంగల్ని అది బాగా పడుతుంది, పొద్దున పుట్టినవాడు తప్పించుకోవచ్చు. కోచింగుల్లో ట్యాలీ అంతా నేర్పి, ఫైలు పేరు చివరి మూడక్షరాలు దేనికో ఒక్క గంట చెప్పకపోవడం నాకు నిజంగా బాధ.

ఫోల్డర్‌ని "డీటెయిల్స్"లో పెట్టి "టైప్" గడి చూడండి, అది అసలు తోకే చెబుతుంది. లేదా ముందు పీడీఎఫ్ రీడర్ తెరిచి, అందులోంచి ఫైలు తెరవండి. దొంగ ఫైలైతే అక్కడ తెరుచుకోదు, నడవదు.

పెద్దాయన లెక్కలు చాలావరకు దక్కాయి. కోడలు ప్రతి శనివారం బ్యాకప్ తీసి, హార్డ్‌డిస్క్ ఊడదీసి ఇంటికి పట్టుకెళ్తుందట. తగిలించే ఉంచితే అదీ లాకయ్యేది. మిగిలిన నాలుగు రోజుల బిల్లులు ఇప్పుడు కాగితాలు చూసి మళ్లీ కొడుతున్నారు.