దిగిపొమ్మని అనలేదు, అన్నంత పని చేశారు: థియూ రాజీనామా వెనక కథ

1975 ఏప్రిల్ 20, ఆదివారం. కమ్యూనిస్టు ఉత్తర వియత్నాం సైన్యం దూసుకొస్తోంది. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో అమెరికా రాయబారి గ్రాహం మార్టిన్ ప్యాలెస్‌కెళ్లి దక్షిణ వియత్నాం ప్రెసిడెంట్ న్గుయెన్ వాన్ థియూ ఎదురుగా కూర్చున్నాడు. ఇది వాషింగ్టన్ మాట కాదు, నా సొంత మాట అని మొదలుపెట్టి, మీ జనరల్స్ దాదాపు అందరూ ఇక లాభం లేదనే అనుకుంటున్నారు, ఉత్తర వియత్నాంతో చర్చలు మొదలవ్వాలంటే మీరు తప్పుకోవాలంటున్నారు అని చెప్పాడు. నేను తప్పుకుంటే మీ కాంగ్రెస్ సాయం ఇస్తుందా అని థియూ అడిగితే, కొన్ని నెలల కిందటైతే ఏమో, ఇప్పుడు కాదన్నాడు. అదే రోజు ఫ్రెంచ్ రాయబారి మెరియోన్ కూడా వచ్చి ఇంచుమించు ఇదే చెప్పి వెళ్లాడు. మార్టిన్ ఇంటికెళ్లి దొరికినవాట్లో గట్టి సబ్బు తీసుకుని ఒళ్లు రుద్దుకున్నాడట, అయినా పెద్దగా ఫలితం లేదని తనే వాషింగ్టన్‌కి పంపిన కేబుల్‌లో (టెలిగ్రామ్‌లో) రాసుకున్నాడు.

థియూకి ఈ మాట ఎంత భయంకరంగా వినిపించి ఉంటుందో తెలియాలంటే 1963 నవంబర్‌కి వెళ్లాలి. అప్పటి ప్రెసిడెంట్ డియెమ్‌ని అమెరికా వదిలేశాక జరిగిన తిరుగుబాటులో డియెమ్‌నీ తమ్ముడినీ సైనిక వాహనంలోనే చంపేశారు. ఆ తిరుగుబాటుకి పెద్ద జనరల్ డ్యూంగ్ వాన్ మిన్, ప్యాలెస్ మీదికి బలగాన్ని నడిపిన కల్నల్ ఈ థియూనే. అమెరికా చెయ్యి తీసేస్తే ఏమవుతుందో ఆయనకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

తర్వాత 1973 జనవరిలో యుద్ధం ఆపడానికి పారిస్ ఒప్పందం. ఉత్తర వియత్నాం సైన్యం దక్షిణంలో అలాగే ఉండిపోతుందని థియూ మొండికేస్తే, వాళ్లు ఒప్పందం తప్పితే గట్టిగా బదులిస్తామని అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ ఉత్తరాల్లో మాటిచ్చి ఒప్పించాడు. 1974 ఆగస్టులో నిక్సనే రాజీనామా చేశాడు, ఇక ఆ మాటకి దిక్కెవరు?

అలాగని థియూ తప్పు లేదని నేననను. 1975 మార్చిలో బాన్ మే థూట్ పట్టణం శత్రువు చేతికి పోగానే సెంట్రల్ హైలాండ్స్ (మధ్య కొండప్రాంతం) ఖాళీ చెయ్యమని హడావిడిగా ఆర్డర్ ఇచ్చాడు, సైనికులు, వాళ్ల పెళ్లాం పిల్లలు, ఊళ్ల జనం అంతా పాడుబడ్డ ఒకే రోడ్డు మీద పడి దారిపొడవునా చచ్చిపోయారు, అది ఆయన నిర్ణయమే. నెలాఖరుకి హుయే, డానాంగ్ నగరాలు కూడా పోయాయి. నిక్సన్ తర్వాత వచ్చిన ఫోర్డ్ 72.2 కోట్ల డాలర్ల సైనిక సాయం అడిగితే కాంగ్రెస్ ఇవ్వలేదు.

21 సాయంత్రం థియూ టీవీలో అమెరికాని తిట్టి, కన్నీళ్లు పెట్టుకుని దిగిపోయాడు, 25 రాత్రి తైవాన్ ఫ్లైట్ ఎక్కించారు. వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్న ముసలాయన హుఓంగ్ వారం రోజులు కుర్చీలో ఉన్నాడు. థియూ లేకపోతే మాట్లాడతారన్న ఆశతోనే కదా ఇదంతా, అవతలి కమ్యూనిస్టులేమో ఇదీ ఆ ముఠానే అని కొట్టిపారేశారు. నాకు బాధనిపించేది ఇక్కడే, గెలుపు గుమ్మంలో ఉన్నవాడు చర్చలకి ఎందుకొస్తాడు, ఏడాది ముందు అడగాల్సిన మాట అది. పక్కనే కంబోడియాలో ప్రెసిడెంట్ లాన్ నాల్‌ని ఏప్రిల్ 1న పంపించేస్తే 17కల్లా రాజధాని నామ్‌పెన్ పడిపోయింది, అదైనా చూడాల్సింది.

చివరికి 28న డ్యూంగ్ వాన్ మిన్ ప్రమాణం చేశాడు, అవును, 1963 నాటి ఆ మిన్నే. ఆ సాయంత్రమే సైగాన్‌లోని తాన్ సన్ న్యుట్ ఎయిర్‌పోర్ట్ మీద బాంబులు పడ్డాయి. 30 పొద్దున ఉత్తర వియత్నాం ట్యాంకులు ప్యాలెస్ గేటు గుద్దుకుని లోపలికొచ్చేసరికి మిన్ తన మంత్రులతో లోపలే కూర్చుని ఉన్నాడు.